పిల్లనిచ్చిన జిల్లా

మా చంద్రపూర్ జిల్లా ఆడపిల్లలకు ఈ మధ్య దూరప్రాంతాల నుంచి తెగ సంబంధాలు వస్తున్నాయి. 2023 మే నెలలో ఇద్దరిని గోందియా వైపు నాగ్‌జిరాకు ఇచ్చాం. 2024 చివర్లో జమున, జీనత్ అనే మరో ఇద్దరిని ఏకంగా ఒడిశాలోని సిమిలిపాల్‌కు ఇచ్చాం. మగపెళ్ళివారు మంచివాళ్ళు. కట్నం మాటెత్తలేదు. బండి వాళ్ళే పెట్టుకున్నారు, వెంట డాక్టర్లను తెచ్చుకున్నారు, పిల్ల ఆరోగ్యం చూశారు, మెడలో వేయాల్సింది వేసి తీసుకెళ్ళారు. వేసింది తాళి కాదు, రేడియో కాలర్. పిల్లలు పెద్దపులులు.

పిల్లనిచ్చినవాళ్ళం కాబట్టి రెండు మాటలు మాట్లాడే హక్కు మాకుందని రాజురా బస్టాండు దగ్గర టీ కొట్టులో తీర్మానించుకున్నాం. ఎక్కడో ఉన్నవాళ్ళకు చెప్పాలంటే, రాజురా వార్ధా నదికి ఇవతల, తెలంగాణ సరిహద్దును ఆనుకొని ఉన్న తాలూకా. ఇంట్లో తెలుగు, బజార్లో మరాఠీ, ఆఫీసుల్లో మౌనం మా వ్యవహార భాషలు.

ఇవ్వడం మాకు కొత్తేమీ కాదు. టేకు ఇచ్చాం, అయోధ్య గుడి తలుపులకు కర్ర వెళ్ళింది మా చంద్రపూర్, గడ్చిరోలి అడవుల నుంచే. బొగ్గు ఇచ్చాం. సిమెంటు ఇచ్చాం. 2,920 మెగావాట్ల థర్మల్ కేంద్రం పెట్టించుకొని రాష్ట్రానికి కరెంటు ఇచ్చాం, బూడిద మాత్రం పరాయివాళ్ళకు ఇవ్వకుండా మేమే ఉంచుకున్నాం. ఇవన్నీ ఇచ్చాక ఇంకేమైనా ఉందా అని అడిగారు. పులులున్నాయన్నాం.

ఉన్నమాటే. 2022 జాతీయ లెక్కల్లో మహారాష్ట్ర మొత్తానికి 444 పులులుంటే వాటిలో పెద్ద వాటా మాదే. మా తాడోబా పులుల అడవిలో పట్టనివి బ్రహ్మపురి పొలాల్లో, అక్కడా పట్టనివి బొగ్గు గనుల మట్టిదిబ్బల మీద, మరీ చొరవ ఉన్నవి థర్మల్ కేంద్రం ప్రహరీ లోపల కాపురం పెట్టాయి. అదే లెక్కల్లో ఒడిశాకు దక్కినవి 20. ఇంటినిండా ఆడపిల్లలున్నవాళ్ళూ, ఇంట్లో పిల్ల కోసం మొహం వాచినవాళ్ళూ వియ్యమందడం లోకధర్మం. ఇందులో తప్పు పట్టడానికి మేమంత మూర్ఖులం కాదు.

పైగా సిమిలిపాల్ వారిది మరీ జాలిపడాల్సిన పరిస్థితి. చుట్టుపక్కల మరో పులుల అడవితో రాకపోకలు తెగిపోయి, తరాలుగా వాళ్ళలో వాళ్ళే మేనరికాలు చేసుకుంటూ వచ్చారు. మేనరికాల సంగతి తెలుగువాళ్ళకు ఒకరు చెప్పాలా? పిల్లల్లో ఏదో ఒకటి బయటపడుతుంది. అక్కడ చారలు బయటపడ్డాయి. మామూలు పులికి పసుపు ఒంటి మీద నల్లచారలుంటే, సిమిలిపాల్ పులుల్లో కొన్నిటికి ఆ చారలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఒళ్ళంతా నల్లగా అవుతోంది. ఒక్క జన్యువులో మార్పు వల్ల ఇలా జరుగుతోందని 2021లో మన శాస్త్రజ్ఞులే తేల్చారు. 2023-24లో ఒడిశా సొంతంగా చేయించిన లెక్కల్లో సిమిలిపాల్‌లో 27 పెద్ద పులులు తేలితే, అందులో 13 ఈ నల్ల రకమే.

ఇక్కడే ప్రభుత్వం చాకచక్యం చూడాలి. ఒకవైపు ఈ రక్తసంబంధాల దోషం పోగొట్టడానికి మా పిల్లలను తీసుకెళ్ళారు. మరోవైపు, అంతకు కొన్ని నెలల ముందే, ప్రపంచంలో ఎక్కడా లేని నల్లపులుల సఫారీ పెడతామని ప్రకటించారు. కోడళ్ళు సరిగ్గా కాపురం చేస్తే సఫారీకి నల్లపులులు తగ్గుతాయి, చేయకపోతే అడవికి పులులే తగ్గుతాయి. ఎలా జరిగినా ఒక పథకం విజయవంతమైనట్టు నివేదిక రాసుకోవచ్చు. పాలన అంటే ఇదీ.

సరే, జీనత్ సంగతి. కొత్త కోడలిని నేరుగా అడవిలోకి వదలరు. ముందు కంచె వేసిన ఎన్‌క్లోజర్‌లో కొన్నాళ్ళుంచి, తిండి నీళ్ళు అలవాటయ్యాక గేటు తీస్తారు. దీన్ని సాఫ్ట్ రిలీజ్ అంటారు. శాస్త్రం ప్రకారం అన్నీ చేశారు. గేటు తీశారు. పిల్ల అత్తారింటి అడవి చూసింది, వరుల రంగు చూసింది, 2024 డిసెంబరు మొదట్లో గడప దాటింది. జార్ఖండ్ వెళ్ళింది. అక్కడ నచ్చక పశ్చిమ బెంగాల్‌లోకి అడుగుపెట్టి ఝార్‌గ్రామ్, పురూలియా, బాంకురా జిల్లాలు చూసింది. మూడు రాష్ట్రాల అటవీశాఖలు వెంటపడ్డాయి, వలలు కట్టాయి, మేకల్ని ఎరగా పెట్టాయి. చివరికి డిసెంబరు 29న బాంకురాలో మత్తు సూది వేసి పట్టుకొని, కోల్‌కతా జూలో డాక్టర్లకు చూపించి, కొత్త సంవత్సరంలో మళ్ళీ అత్తారింట దింపారు. ఆ పిల్ల తిరిగిన దారిలోనే తర్వాత ఓ మగపులి కనిపిస్తే పత్రికలవాళ్ళు దానికి ప్రియుడని పేరు పెట్టారు. పుట్టింటివాళ్ళం మేం తల ఎత్తుకోలేకపోయాం.

నిజానికి ఈ పెళ్ళిళ్ళలో ఓ చిక్కుంది. పులుల కులాచారం మన ఆచారానికి పూర్తిగా తలకిందులు. వాటిలో ఆడపిల్ల అత్తారింటికి పోదు. ఎదిగాక వీలైనంతవరకు తల్లి హద్దు పక్కనే తన హద్దు పెట్టుకొని ఉంటుంది. ఇల్లు వదిలి దేశాలు పట్టిపోయేది కొడుకు. యావత్మాల్ జిల్లా తిప్పేశ్వర్‌లో పుట్టిన ఓ కుర్రపులి 2019లో బయల్దేరి, మన ఆదిలాబాద్ జిల్లా కూడా తిరిగి, వేల కిలోమీటర్లు నడిచి చివరికి బుల్ఢాణా జిల్లా జ్ఞానగంగ అడవి చేరింది. 2024లో నాందేడ్ జిల్లా కిన్వట్ వైపు నుంచి జానీ అనే మగపులి సంబంధం వెతుక్కుంటూ నిర్మల్, ఆదిలాబాద్ జిల్లాలు కాలినడకన తిరిగింది. జానీ రోడ్డు దాటుతుంటే జనం వీడియోలు తీశారు, అధికారులు ప్రేమ ప్రయాణం అన్నారు. మగవాడు మూడు వందల కిలోమీటర్లు నడిస్తే ప్రేమ ప్రయాణం, ఆడది నడిస్తే మత్తు సూది. పులికి మనం ఇంకేం నేర్పామో తెలియదు గానీ ఇది మాత్రం ఒంటబట్టించాం.

ఇలా ఆడపులుల్ని తీసుకెళ్ళి దింపడానికి శాస్త్రీయ కారణం లేకపోలేదు. మగది ఎలాగూ నడిచొస్తుంది, ఆడది రాదు, ఆడది లేనిదే వంశం లేదు. 2004-05 నాటికి పులులన్నీ పోయిన రాజస్థాన్ సరిస్కాకు 2008లో హెలికాప్టర్లో పులుల్ని తెచ్చారు. 2009లో సున్నాకు పడిపోయిన మధ్యప్రదేశ్ పన్నాలోనూ అదే చేశారు, అక్కడ బ్రహ్మాండంగా ఫలించింది కూడా. ఆ రెండిటి పేరు చెప్పనిదే ఇప్పుడు ఏ పులి ప్రసంగమూ మొదలవదు. ప్రసంగంలో రాని పేరు సత్‌కోసియా.

సత్‌కోసియా కూడా ఒడిశాయే. ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి పులుల్ని మార్చడం దేశంలో మొదలైంది అక్కడే, 2018లో. కాన్హా నుంచి మహావీర్ అనే వరుణ్ణి, బాంధవ్‌గఢ్ నుంచి సుందరి అనే వధువును మధ్యప్రదేశ్ వాళ్ళు ఇచ్చారు. ఐదు నెలలు తిరగకుండానే మహావీర్ వేటగాళ్ళ ఉచ్చులో పడి చచ్చిపోయింది. ఈలోపు సుందరి చేతిలో ఇద్దరు మనుషులు పోయారని ఊళ్ళవాళ్ళు తిరగబడ్డారు. దాన్ని పట్టి కంచెలో పెట్టి, రెండేళ్ళకు పైగా మేపి, 2021లో పుట్టింటి రాష్ట్రానికే పంపేశారు. వరుడికి ఏ జంతువులు తిండి, వధువుకు ఎంత అడవి కావాలి, ఎండాకాలం నీళ్ళెక్కడ అని ముందే కొలిచారు. ఆ అడవిలో చేపలు పట్టుకొని, వెదురు కొట్టుకొని, పశువుల్ని తోలుకొని బతికే ఊళ్ళను కూర్చోబెట్టి, అయ్యా ఇలా పులి వస్తోంది, మీకేమిటి అభ్యంతరం అని మనస్ఫూర్తిగా అడిగింది మాత్రం తక్కువ. పెళ్ళికి అందరికీ శుభలేఖలు వెళ్ళాయి, ఆ ఇంట్లో ఉండేవాళ్ళకు తప్ప.

పులులు తిరిగి రావాలని కోరుకునేవాళ్ళ మీద మాకు ఎనలేని గౌరవం. వాళ్ళు పూణేలో ఉంటారు, బెంగళూరులో ఉంటారు, హైదరాబాద్‌లోనూ చాలామంది ఉన్నారు. వాట్సాప్ డీపీలో పులి, కారు వెనకాల పులి స్టిక్కర్, శీతాకాలంలో తాడోబా సఫారీ. మాయ, సోనమ్, మాధురి అని పులులను ఇంటిపిల్లల్లా పేర్లతో పిలుస్తారు. మాయ ఎక్కడ పడుకుంది, ఎవరితో తిరిగింది, పిల్లలెందరు అన్నీ వాళ్ళకు నోటికొచ్చు. ఆ సఫారీ జీపు నడిపేవాడి పేరడిగితే, భయ్యా అంటారు.

వాళ్ళ వాదన న్యాయమైనదే. ఒకప్పుడు తిరిగిన నేల మీద మళ్ళీ తిరగనివ్వడం జంతువుకు మనం తీర్చాల్సిన బాకీ. పూర్తిగా ఒప్పుకుంటున్నాం. మా సందేహమల్లా ఒక్కటే. పెద్దపులి ఒకప్పుడు తిరగని నేల ఈ దేశంలో ఎంతని ఉంది? ఈ బాకీ తీర్చే నేలలు వెతికినప్పుడల్లా వేలు ఆదివాసి గూడెం మీదే ఎందుకు ఆగుతుంది? గేటెడ్ కమ్యూనిటీల్లో చెట్లున్నాయి, చెరువులున్నాయి, రాత్రిళ్ళు గొడవుండదు, కాపలా ఉంది, ఎర కింద ఊబకాయం కుక్కలున్నాయి. సాఫ్ట్ రిలీజ్ కోసం కంచె కూడా ముందే కట్టి పెట్టారు. ఒక్క పెళ్ళిచూపుకైనా పిలవకూడదా?

బాకీ ఎవరు చేశారన్నది కూడా చూడాలి, అప్పుపత్రం ఎవరి పేరున ఉందో తెలియకుండా వసూలు చేయడం వడ్డీవ్యాపారులకు కూడా తగదు. 1875 నుంచి 1925 దాకా యాభై ఏళ్ళలో ఈ దేశంలో 80 వేలకు పైగా పులుల్ని చంపారని చరిత్రకారుడు మహేశ్ రంగరాజన్ అంచనా. తెల్లదొరల ప్రభుత్వం పులిని చంపితే బహుమానం ఇచ్చేది. రాజుల సంగతి చెప్పనక్కర్లేదు. మాకు ఈశాన్యాన ఉన్న సర్గుజా మహారాజు ఒక్కడి ఖాతాలోనే వెయ్యికి పైగా పులులు. ఆ పక్కనే ఉన్న కొరియా రాజా 1947లో ఒకే రాత్రి మూడు చీతాలను కాల్చేశాడు. దేశంలో చివరివిగా లెక్కకెక్కిన చీతాలు అవే. 1952లో చీతా మన దేశంలో లేదని ప్రకటించారు. 2022 సెప్టెంబరులో నమీబియా నుంచి ఎనిమిది చీతాలను ప్రత్యేక విమానంలో తెచ్చారు. తెచ్చింది చీతాలను, విమానం ముక్కు మీద వేయించింది పులి బొమ్మ. అంతదూరం నుంచి వచ్చిన పిల్లల ముందు సవతి ఫొటో పెట్టినట్టయింది. కాల్చింది రాజావారు, ఖర్చు ఖజానాది, చోటు ఇవ్వాల్సింది మాత్రం ఏ కాలంలోనైనా పల్లెటూరివాడే.

చోటు అంటే గుర్తొచ్చింది. తాడోబా లోపల బోటేఝరి, జామ్నీ, నవేగావ్ లాంటి ఊళ్ళుండేవి. పులికి ప్రశాంతత కావాలని వాటిని బయటికి తరలించారు. ఇలా ఊరు ఖాళీ చేసే కుటుంబానికి కేంద్రం ఇచ్చే ప్యాకేజీ పది లక్షలుండేది, 2021లో పదిహేను చేశారు. పులుల్ని మారిస్తే దానికి ట్రాన్స్‌లొకేషన్ అని పేరు, వెంట ముగ్గురు డాక్టర్లు. మనుషుల్ని మారిస్తే దానికి పునరావాసం అని పేరు, వెంట ఒక ట్రాక్టరు.

ఇప్పుడు మే నెల గురించి కొంచెం చెప్పాలి. ఇందులో నవ్వడానికేమీ లేదు, అయినా చెప్పాలి. తునికాకు కోసేది ఆ నెలలోనే. తెల్లవారుజామున చీకటితోనే ఆడవాళ్ళు గుంపుగా అడవికి పోతారు, ఎండ ముదరకముందే కోత ముగించాలి. తునికి పొదలు మోకాలెత్తు, నడుమెత్తు ఉంటాయి. నిలబడి కోసే పని కాదు. వంగి, ఒక్కోసారి గొంతుకూర్చొని, లేత ఆకును కాడతో తుంచి, ఎడమచేతిలో ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ, చెయ్యి నిండగానే ఒళ్ళో కట్టుకున్న చీరకొంగులో వేసుకుంటూ ముందుకు పోవాలి. మొదట్లో ఒకరినొకరు పిలుచుకుంటూ ఉంటారు. ఆకు బాగున్న పొద కనిపించాక మాటలు ఆగిపోతాయి, ఒక్కొక్కరు ఒక్కో పొద వెనక పడతారు. వెనక నుంచి చూసే పులికి వంగిన మనిషి మనిషిలా కనిపించడు, నాలుగు కాళ్ళ జంతువనుకుంటుంది. 2025 మే 10న మా జిల్లా సిందేవాహి తాలూకాలో ఒక్కరోజే, ఒక్క చోటే, తునికాకుకు పోయిన ముగ్గురు ఆడవాళ్ళు పులి దాడిలో చనిపోయారు. ఆ సీజన్లో వాళ్ళు తెచ్చే కట్టల డబ్బుతోనే వానాకాలం విత్తనాలు, పిల్లల స్కూలు పుస్తకాలు.

ప్రభుత్వం ఊరికే కూర్చోలేదు. పులి దాడిలో మనిషి పోతే మహారాష్ట్ర ఇచ్చే పరిహారం 2022లో 20 లక్షలు చేశారు, 2023లో 25 లక్షలు చేశారు. అంతా ఒకేసారి చేతికిస్తే జనం పాడుచేస్తారని, కొంత వెంటనే ఇచ్చి, మిగతాది కుటుంబం పేర ఫిక్స్‌డ్ డిపాజిట్ వేస్తారు. ఇంతటి ముందుచూపు బతికున్నప్పుడు చూపించి ఉంటే ఆవిడ తునికాకుకే పోయేది కాదన్న మాట మేం అనడం లేదు, టీ కొట్టులో ఎవరో అన్నారు. పాతరోజుల్లో ఇంత ఉదారత లేదు. తాడోబా అన్న పేరు తారు అనే గోండు పెద్ద పేరు మీద వచ్చిందంటారు. ఆయన పులితో పోరాడి చనిపోయాడని కథ. డిపాజిట్ పద్ధతి అప్పటికింకా రాలేదు కాబట్టి చెరువు గట్టున గుడి కట్టి సరిపెట్టారు.

సరిహద్దు దాటితే లెక్క మారుతుంది. తెలంగాణలో ఇదే చావుకు పది లక్షలు. పులి అదే, దాని పళ్ళు అవే, పోయినవాడి మేనబావ ఇవతలే ఉంటాడు, ధర మాత్రం రెండున్నర రెట్లు తేడా. బట్టలు చవగ్గా వస్తాయని అటూ, పెట్రోలు చవగ్గా వస్తుందని ఇటూ తిరగడం మాకు చిన్నప్పటి నుంచీ అలవాటే గానీ, ఇది కూడా చూసుకోవాల్సి వస్తుందనుకోలేదు. ఇక జివతి తాలూకాలో పద్నాలుగు ఊళ్ళున్నాయి. అవి తమవేనని మహారాష్ట్ర అంటుంది, కాదు కెరమెరి మండలంలోవని తెలంగాణ అంటుంది. దశాబ్దాలుగా తెగలేదు. అక్కడివాళ్ళకు రెండు రేషన్ కార్డులు, రెండు ఓటరు కార్డులు, ఊరికిద్దరు సర్పంచులు. రెండు ప్రభుత్వాలూ బడులు కట్టాయి. ఆ ఊళ్ళలో పులి మనిషి మీద పడితే ఏం చేయాలన్నది చట్టం తెలిసినవాళ్ళు తేల్చాలి. రెండు పరిహారాలూ ఇస్తారా? లేక పులి తెలంగాణది, మనిషి మహారాష్ట్రవాడు అని రెండు రాష్ట్రాలూ చేతులు దులుపుకుంటాయా? పంచనామాకు వచ్చే ఇద్దరు గార్డుల్లో శవం తలవైపు ఎవరు నిలబడాలి?

కారిడార్ విషయంలోనూ ఇంతే. తాడోబా నుంచి తెలంగాణలోని కవ్వాల్ పులుల అడవికి పులులు పోయే దారిని కాపాడాలని తెలంగాణ ప్రభుత్వం 2025 మే చివర్లో కుమ్రం భీం కన్జర్వేషన్ రిజర్వు ప్రకటించింది. ఆదివాసులు గొడవ చేస్తే జులైలో ఆ జీవోను పక్కనపెట్టింది. ఆ అడవిలో జల్ జంగల్ జమీన్ అని పోరాడి చచ్చిపోయినవాడి పేరే పెట్టి, ఆయన మనవలను అడగడం మర్చిపోయారన్నమాట. పులులకు జీవో వచ్చిందీ తెలియదు, పోయిందీ తెలియదు. అవి ఎప్పటిలాగే ప్రాణహిత దాటుతున్నాయి.

అటవీశాఖవారి జాగ్రత్తల గురించి చెప్పకపోతే పాపం తగులుతుంది. 2024 చివర్లో కాగజ్‌నగర్ దగ్గర పత్తి ఏరడానికి పోయిన ఓ ఆడమనిషి పులి వాత పడ్డాక, అక్కడి కూలీలకు మాస్కులు పంచారు. ముఖానికి కాదు, తల వెనక పెట్టుకోవడానికి. పులి వెనక నుంచే వస్తుంది కాబట్టి వెనక కూడా ఓ ముఖముంటే తికమకపడి వెళ్ళిపోతుందని సుందర్‌బన్స్‌లో 1980లలో కనిపెట్టిన ఉపాయం అది. అక్కడ కొన్నాళ్ళు పనిచేసింది కూడా. మా వైపు పులులింకా అంత చదువుకోలేదు, ఇంకొన్నాళ్ళు పనిచేయొచ్చు. రెండు ముఖాలు పెట్టుకోవడం ఎన్నికలప్పుడు చూశాం గానీ పత్తి చేలో ఇదే మొదలు.

పొద్దున పది దాటాక చేనుకు పోయి సాయంత్రం నాలుగింటికల్లా ఇల్లు చేరమని కూడా చెప్పారు. మంచి సలహా, ఆఫీసు టైము. మా ఇబ్బందల్లా పంపు సెట్లకు కరెంటు ఆఫీసు టైములో రాకపోవడమే. వ్యవసాయ కరెంటు వారంలో కొన్ని రోజులు రాత్రిపూటే ఇస్తారు. రాష్ట్రమంతటికీ కరెంటు పంపే జిల్లాలో రైతు అర్ధరాత్రి టార్చిలైటు పట్టుకొని శనగ చేనుకు పోయి మోటారు వేస్తాడు. పగలు వెళ్ళమని ఒక శాఖ, రాత్రి రమ్మని ఇంకో శాఖ. ఈ రెండు శాఖలకూ జిల్లా కేంద్రంలో ఆఫీసులున్నాయి, వాటి మధ్య మాత్రం కారిడార్ లేదు.

మా రాజురా పేరుతోనే ఒక పులి ఉండేది. ఆర్‌టీ-1, అంటే రాజురా టైగర్ ఒకటో నంబరు. మా ఊరికి జాతీయ పత్రికల్లో చోటు దొరికింది దాని పుణ్యమే. ఎనిమిది మందిని చంపిందని లెక్కలు కట్టాక, నెలల తరబడి బోనులు, కెమెరాలు పెట్టి 2020 అక్టోబరులో పట్టుకొని నాగపూర్ గోరేవాడ జూకు పంపారు. అది ఉన్నన్నాళ్ళూ మా వాళ్ళు సూర్యుడు దిగకముందే పశువుల్ని ఇంటికి తోలేవారు, పెళ్ళిళ్ళ ఊరేగింపులు కూడా తొందరగా ముగిసేవి. పులి పోయాక ఊరేగింపులు మళ్ళీ తెల్లవార్లూ డీజేలతో నడుస్తున్నాయి. ఏది ఎక్కువ నష్టమో ఇప్పటికీ టీ కొట్టులో ఏకాభిప్రాయం లేదు.

పులి మీద మాకు కోపం లేదన్నది ఈ పాటికి అర్థమయ్యే ఉంటుంది. అది మా ఇంటి ఆడపడుచు. దాని కుటుంబం పెరగడం, పెరిగినదాన్ని ఖాళీగా ఉన్న అడవికి పంపడం, మేం కాదనే పనులు కావు. వియ్యంలో పిల్లనిచ్చినవాళ్ళకు ఓ మర్యాద ఉంటుంది, అది జరగలేదన్నదే గొడవ. పులి ఎక్కడుందో గంటగంటకూ ఉపగ్రహం చెబుతుంది. తిన్నదా లేదా అని ఓ బృందం చూస్తుంది. నీరసంగా ఉంటే రాత్రికి రాత్రే డాక్టరు వస్తాడు. దీనిలో సగం మర్యాద మా ఊరి ఆరోగ్య ఉపకేంద్రానికి జరిగితే చాలని కొందరన్నారు గానీ, అది అత్యాశ అని కొట్టేశాం. కనీస కోరికగా కాలర్లు అడగాలని నిర్ణయించాం.

మా వైపువాడే ఓ గార్డు ఉన్నాడు. టీకి వచ్చినప్పుడు పట్టుకున్నాం. "అన్నా, తునికాకుకు పోయే ఆడోళ్ళకు కూడా ఒక్కొక్క కాలర్ ఇప్పియ్యరాదె. ఎక్కడున్నరో ఇంట్లోళ్ళకు తెలుస్తది గదా" అని అడిగాం.

గార్డు నవ్వలేదు. చట్టం తెలిసిన మనిషి. "కాలర్ పెట్టాల్నంటే షెడ్యూల్ వన్‌ల ఉండాలె. 1972 వన్యప్రాణుల చట్టం. మీ పేర్లు అందుల లెవ్వు" అన్నాడు.

లేకపోతే చేర్పించుకుంటామని మాలో చదువుకున్నవాణ్ణి ఒకణ్ణి ఆఫీసుకు పంపాం. ఏ ఆఫీసో చెప్పం, అక్కడ మాకింకా పనులున్నాయి. గుమాస్తా విషయం పూర్తిగా వినకుండానే, ఏ షెడ్యూల్లో చేరాలన్నా ముందు మీరు ఈ రాష్ట్రంవాళ్ళేనని రుజువు కావాలి, మీ తాత 1956కు ముందు ఎక్కడుండేవాడో కాగితం తెమ్మన్నాడు. మా తాత రాజురాలో పుట్టి, రాజురాలోనే పోయాడు, తాలూకా దాటి కాపురముండలేదు. దాటింది తాలూకాయే. 1956లో రాష్ట్రాలను విడగొట్టి కలిపినప్పుడు రాజురాను ఆదిలాబాద్ జిల్లాలోంచి తీసి నాందేడ్‌లో కలిపారు, 1959లో నాందేడ్‌లోంచి తీసి చాందాలో, అంటే ఇప్పటి చంద్రపూర్‌లో కలిపారు. మూడేళ్ళలో రెండు ట్రాన్స్‌లొకేషన్లు, మత్తు సూది కూడా లేకుండా. ఆ సంగతి చెబితే గుమాస్తా, అయితే ఆదిలాబాద్ నుంచే కాగితం తెచ్చుకోండి అన్నాడు.

ఆదిలాబాద్ వెళ్ళాం. రాజురా మా జిల్లాలో లేదన్నారు.